ఏరి పంపిన ముక్కలు

జూన్ 4

వదినా,

మీ క్వార్టర్స్‌లో ఫోను పట్టుకుంటే చాలు, వెనకాల నలుగురు గొంతు సవరించుకుంటూ నిలబడతారని నువ్వే అన్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. అన్నయ్య పోయి పది నెలలు. వైరు కంపెనీలో ఆయన పనిచేసిన మిషను మీదే నువ్వు చేరి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో మనం ఫోనులో మాట్లాడుకున్నది నాలుగుసార్లు. నాలుగుసార్లూ "తిన్నావా" అని ఒకరు, "తిన్నాను" అని ఇంకొకరు.

నిన్న మా పరీక్షశాలకి కాల్చి చూడమని ప్లాస్టిక్ ముక్కల సంచి ఒకటి వచ్చింది. మా దగ్గర పద్ధతేమిటంటే, ఏ ముక్కలు ఏ కంపెనీ నుంచి వచ్చాయో కాల్చేవాళ్ళకి తెలియకూడదు. ఆఫీసులో పేరు చించేసి, నంబరు వేసి లోపలికి పంపుతారు. పేరు చించారు కానీ సంచి మార్చలేదు. దాని మూతి దగ్గర కుట్టు చూశాను. రెండు కుట్లు పొడుగ్గా, ఒకటి పొట్టిగా, చివర ముడి మీద ముడి. అన్నయ్య చొక్కా గుండీలు, నా స్కూలు బట్టల అంచులు అన్నీ ఆ కుట్టే కదా. గదిలో ఎవరూ లేరు. ఆ సంచిని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఏమీ ఎరగనట్టు లేచి పని చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నీ ముక్కలు ఎలా కాలాయో చెప్పనా? అరచేయంత పలకని తూకం మీద పెట్టి, దాని నెత్తిన శంకులాంటి హీటరు వెలిగిస్తాం. మామూలు ప్లాస్టిక్ అయితే కరిగి, ఉడికి, ఒక్కసారిగా భగ్గుమంటుంది. పక్కన కాగితం మీద, ఎంత వేడి పుడుతోందో చూపే గీత కొండలా లేస్తుంది. నీ పలక కూడా అంటుకుంది. కానీ పైపైన ప్లాస్టిక్ కాలిపోగానే, మీరు కలిపిన బంకమట్టి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని నల్లటి పెచ్చు కట్టాయి. ఆ పెచ్చుని దాటి వేడి కిందికి దిగలేదు, కింద నుంచి ఆవిరి పైకి రాలేదు. గీత సగం ఎత్తు కూడా ఎక్కలేక చతికిలబడింది. వందపాళ్ళ ప్లాస్టిక్‌కి ఐదుపాళ్ళ మట్టి కలిపితే ఇంత తేడా. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

నా గది ఎలా ఉందని పోయినసారి అడిగావు, జవాబు చెప్పేలోపు లైను తెగిపోయింది. మేడమీద ఒక్క గది. ఒక మంచం వేస్తే, నడవడానికి అడుగున్నర చోటు మిగులుతుంది. కిటికీలోంచి ఎదురింటి గోడా, దాని మీద ఒక నీళ్ళ గొట్టం కనపడతాయి. ఆదివారాలు ఆ గొట్టాన్ని చూస్తూ కూర్చుంటాను. ఒంటికాయ శొంఠికొమ్ములా హాయిగానే ఉన్నాను.

నీ ఆడపడుచు


జూన్ 13

అమ్మాయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి పక్కగది ప్యాకింగ్ ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడకి అందులో ఏమీ అర్థం కాలేదు కానీ, సంచి ఒళ్ళో పెట్టుకున్నావన్న చోట ముక్కు చీదింది. ఆవిడకి సినిమాల్లో కూడా ఏడుపు త్వరగా వస్తుందిలే.

మీ అన్నయ్య మిషను అలాగే ఉంది. రెండు పొడవాటి మరలు పక్కపక్కన తిరుగుతూ ఉంటాయి. ఒక చివర ప్లాస్టిక్ గింజలు, మట్టి, తెల్లపొడి పోస్తే, అవతలి చివర ముద్దలా కలిసి వస్తాయి. మట్టి అంటే మొక్కల కుండీలో మట్టి అనుకునేదాన్ని. ఇది మొహానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. ముందే దానికేదో మందు పట్టించి ప్లాస్టిక్‌తో కలిసేలా చేస్తారట. పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుందట, ఆ పొరలన్నీ విడిపోయి ప్లాస్టిక్ అంతటా పరుచుకోవాలట. లేకపోతే ఉండలు కట్టి ఊరికే కూర్చుంటుంది. మా సూపర్‌వైజరు ఇదంతా పెళ్ళి సంబంధం మాట్లాడుతున్నట్టు చెబుతాడు. మందు పట్టించేదాకానే మన పూచీ, ఆ తర్వాత వాళ్ళ కాపురం వాళ్ళు చేసుకోవాలి అంటాడు. ఆయనకి ఇద్దరు పెళ్ళికెదిగిన కూతుళ్ళు.

అసలు సంగతి చెప్పలేదు. ఈ ముద్దతో చేసిన మొదటి వైరు చుట్టలు బయట అమ్మకముందు, చూపించుకోవడానికి మా ఆడవాళ్ళ క్వార్టర్స్‌కే వేశారు. పాత వైర్లన్నీ పీకేశారు. నా మంచం నెత్తిమీదుగా వెళ్ళేది నేను కలిపిన వైరే. మట్టి కలిస్తే కాలదని నువ్వే రాశావు కనుక ఇక నాకు బెంగ లేదు. పాత వైరు వేడెక్కుతోందని మానేసిన నీళ్ళ హీటరూ ఇస్త్రీపెట్టే ఇప్పుడు ఒకే ప్లగ్గులో పెట్టేస్తున్నాను. మా ఆడపడుచు కాల్చి చూసింది, ఏమీ కాదు అని అటూ ఇటూ గదులవాళ్ళకి కూడా ధైర్యం చెప్పాను. ఇప్పుడు నీకు ఇక్కడ మంచి పేరుంది.

ఈ నెల సెలవు పెట్టి నీ దగ్గర నాలుగు రోజులు ఉందామని అనుకున్నాను. గదిలో ఒక మంచమే పడుతుందని రాశావు కదా, అర్థమయింది. ఒక్కదానివే ఉండడం నీకు అలవాటయినట్టుంది. దాన్ని చెడగొట్టను.

వేళకి తిను.

వదిన


జూన్ 24

వదినా,

ముందు ఆ హీటరు తీసెయ్. ఈ వాక్యం చదివి, లేచి, తీసేసి వచ్చి మిగతాది చదువు.

కాలదని నేను ఎక్కడ రాశాను? అంటుకుంది అని రాశాను. మట్టి మంటని ఆర్పదు వదినా. మంట వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. నిప్పు అంటుకోవడానికి పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. ఒక్కోసారి మట్టికి పట్టించిన మందు వల్ల కొంచెం ముందే అంటుకుంటుంది కూడా. తర్వాతే దాని గుణం తెలుస్తుంది. మామూలు వైరు రెండు నిమిషాల్లో గదంతా పొగ చేస్తే, ఇది ఆరేడు నిమిషాలు తీసుకుంటుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో మనిషి లేచి, పక్కగది తలుపు కొట్టి, మెట్లు దిగి పోవాలి. నేను పదకొండేళ్ళుగా కాలుస్తున్నది ఆ నాలుగైదు నిమిషాల కోసమే. నీ పక్కగదుల వాళ్ళకి నా పేరు చెప్పి ధైర్యం ఇచ్చావు కదా, అదే నోటితో ఈ మాట కూడా చెప్పు.

కోప్పడ్డాను అనుకోకు. ఇవాళ నాకు మంచి రోజు కూడా. నీ ముక్కల నివేదిక సంతకమై వెళ్ళిపోయింది. ఐదు పలకలు కాల్చాను. ఐదు గీతలూ ఒకదాని మీద ఒకటి ఎంత బాగా పడ్డాయంటే, మా అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది ఒకటే గీతా అని అడిగారు. పలకలతోపాటు వచ్చిన సన్నటి బద్దల్ని నిలువుగా వేలాడదీసి కింద నుంచి మంట పెట్టి, అడుగున దూది ఉంచుతాం. ఒక్క చుక్క కూడా కారలేదు. దూది తెల్లగా ఉంది. ఇంత బాగా కలిపినవాళ్ళు ఎవరో అన్నారాయన. ఆ పూటంతా నా మొహం వెలిగిపోయిందని పక్క బల్ల అతను అన్నాడు.

నువ్వు రాలేనంటే నేనేం చెయ్యను? మంచం సాకు ఎందుకు, రావాలని లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అన్నయ్య లేకపోయాక నువ్వు నా దగ్గరికి రావలసిన అవసరమేమీ లేదని నాకూ తెలుసు.

ఉంటాను.


జులై 8

అమ్మాయ్,

హీటరు తీసేశాను. అంత గట్టిగా కసరక్కర్లేదు. పక్కగదుల వాళ్ళకీ చెప్పాను కానీ వాళ్ళు నవ్వారు. పోయిన నెల కాలదని చెప్పిందీ నువ్వే, ఈ నెల కాలుతుందని చెప్పేదీ నువ్వేనా అన్నారు. ప్యాకింగ్ ఆవిడ మాత్రం నా మొహం చూసి ఇస్త్రీపెట్టె వేరే ప్లగ్గుకి మార్చింది.

రావాలని లేదని నేనెప్పుడు అన్నాను? సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. నీకిష్టమైన మాటలు చెబుతాను. మీ అధికారి మెచ్చుకున్నారని చదివి నాకు కడుపు నిండిపోయింది. మెచ్చుకోక ఏం చేస్తారు? ఆ ముక్కలు ఎలా ఏరానో నీకు తెలియదు కదా.

మిషను మొదలుపెట్టిన పావుగంటదాకా మరలకి వేడి కుదురుకోదు. మట్టి సరిగా దిగదు, ఉండలుంటాయి. ఆపేముందు పావుగంట కూడా అంతే. ఆ సరుకు పలకగా నొక్కి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అందుకని మధ్యలో వచ్చినది మాత్రమే తీసి ముప్ఫై పలకలు నొక్కాను. ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాను. ఏ మరకా లేనివి పదిహేను పక్కన పెట్టాను. అందులో మళ్ళీ పది ఏరాను. బద్దలు కూడా అంతే. సూపర్‌వైజరు ఏవో పది పంపెయ్యమ్మా అని వెళ్ళిపోయాడు. అవి మీ పరీక్షశాలకే పోతాయని తెలిసి ఏవో పది ఎలా పంపుతాను? ఆడపడుచు చేతికి వెళ్ళే వాటిలో నాసిరకం ఒక్కటి ఉన్నా నాకు తలవంపులు కాదూ?

ఇప్పుడు పెద్ద ఆర్డరు వచ్చింది. నీ నివేదిక చూసే వచ్చింది. నర్సులు ఉండే హాస్టలు, నాలుగు అంతస్తులు, ప్రతి గదికీ మా వైరే. వచ్చే నెల నుంచి మొదలు.

ఒళ్ళు జాగ్రత్త.

వదిన


జులై 15

వదినగారికి,

ఈ కింది వాటికి వెంటనే జవాబు రాయండి.

మొదటి పావుగంట, ఆఖరి పావుగంట వచ్చే సరుకు ఏమవుతోంది? పారేస్తున్నారా, అది కూడా వైరులోకే పోతోందా? రోజుకి మిషను ఎన్నిసార్లు ఆగి మొదలవుతుంది? మీ క్వార్టర్స్‌కి వేసిన వైరులో ఆ సరుకు ఉందా?

పరీక్షకి ముక్కలు ఏరకూడదు. మొదట్లోది, మధ్యలోది, చివర్లోది, ఏది చేతికి వస్తే అది పంపాలి. మీరు పంపినవి చూసి నేను మొత్తం సరుకు బాగుందని సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పుడు తప్పు. మీరు పక్కన పడేసిన ముక్కలన్నీ, చుక్కలున్నవీ లేనివీ, ఒక్కటి కూడా ఏరకుండా పంపండి. ఎప్పుడు తీసిందో ఒక్కోదాని మీద రాయండి.

ఐదు గీతలు అలా పడ్డప్పుడే నాకు అనుమానం రావాలి.


జులై 27

అమ్మాయ్,

నేను మీ ఇంటికి వచ్చేనాటికి నీకు ఎనిమిదేళ్ళు. నీకు జడలు వేశాను, జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. ఈ ఇరవై రెండేళ్ళలో నన్ను ఒక్కసారైనా మీరు అనలేదు. ఇప్పుడన్నావు. పైన గారు కూడా తగిలించావు. కింద నీ పేరు కాదు కదా, ఉంటాననే మాటైనా లేదు.

నేను మోసం చేశాననేగా నీ ఉద్దేశం? ఒకరికి పళ్ళు పంపితే పుచ్చులు తీసేసి, మంచివి ఏరి పంపుతాం. అదే చేశాను. పరీక్షకి అలా చేయకూడదని నాకెవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. కుట్టు చూడగానే నావని తెలిసినదానివి, అప్పుడే ఒక ముక్క రాసి ఉండొచ్చు.

నువ్వు అడిగినవాటికి జవాబులు ఇవిగో. ఆ సరుకు పారెయ్యరు, వైరులోకే పోతుంది. రోజుకి మిషను రెండుసార్లు ఆగుతుంది, కరెంటు పోతే మూడు. నా నెత్తిమీద ఉన్న వైరులో ఏముందో నాకు తెలియదు.

ముక్కలు పంపను. పంపితే ఏమవుతుందో నీకు తెలుసా? ముందొక రకం పంపి ఇప్పుడొక రకం పంపావేమిటి అంటారు. నన్ను తీసేస్తారు. పనితోపాటు ఈ గదీ పోతుంది. నేనెక్కడికి వెళ్ళాలి? పుట్టింట్లో ఎవరూ లేరు. నీ గదిలో ఒక మంచమే పడుతుంది. మీ అన్నయ్య పోయినప్పుడు ఇంకా నువ్వున్నావు కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడానికి కూడా భయంగా ఉంది.

వదిన


ఆగస్టు 3

వదినా,

మీరు అన్నది నిన్ను దూరం పెట్టాలని కాదు. నువ్వు అని రాస్తే ఏడుస్తానని, ఏడిస్తే అడగవలసినవి అడగలేనని అలా రాశాను. నీకు ఎంత తగిలి ఉంటుందో ఆలోచించలేదు. తప్పు నాదే.

నువ్వు మోసం చేశావని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. తప్పు చేసింది నేను. ఆ సంచి మా వదినదని తెలిసిన నిమిషంలోనే వెళ్ళి అధికారికి చెప్పాలి. చెబితే ఆ ముక్కలు వేరేవాళ్ళకి ఇచ్చేవారు. వాళ్ళు ఎవరి సరుకో తెలియకుండా కాల్చి, ఐదూ ఒకేలా ఉన్నాయేమిటి, ఇంకో సంచి తెప్పించండి అనేవారు. నేను అనలేదు. ఎందుకంటే ఆ సంచి నా చేతిలోంచి పోతుందని. నెలల తరబడి ఇంటి నుంచి నాకు వచ్చింది అదొక్కటే. నీ ముక్కలు బాగా కాలుతుంటే అనుమానించాల్సినదాన్ని మురిసిపోయాను.

మంచం సంగతి కూడా ఇప్పుడే తేల్చేస్తాను. ఒక మంచమే పడుతుందని రాసింది నిన్ను రావద్దని కాదు. ఇక్కడ నేను ఎంత ఒంటరిగా ఉన్నానో నోరు తెరిచి చెప్పలేక, గది ఎంత చిన్నదో చెప్పాను. నువ్వు వస్తే కింద పడుకునేదాన్ని. ఎన్నిసార్లు అనుకున్నానో, ఒక్కసారైనా రమ్మని రాయలేదు. నువ్వు రానంటే భరించలేనని.

సోమవారం అధికారి దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు ముక్కలు పంపినా పంపకపోయినా, కుట్టు గుర్తుపట్టానని, చెప్పకుండా కాల్చానని, నివేదిక వెనక్కి తీసుకోమని రాసి ఇస్తాను. నువ్వు ఏరావని మాత్రం రాయను, అది నువ్వు చెప్పుకోవలసిన మాట. నాలుగు అంతస్తుల్లో ఎంతమంది ఉంటారో లెక్క వేసుకుంటే నాకు అన్నం దిగడం లేదు. నువ్వూ అలాంటి వైరు కిందే పడుకుంటున్నావు.

నీ మరదలు


ఆగస్టు 3

పరీక్ష విభాగం అధికారి గారికి,

అయ్యా, నేను వైరు కంపెనీలో మట్టి, ప్లాస్టిక్ కలిపే మిషను మీద పనిచేసే మనిషిని. జూన్‌లో మీకు పంపిన ముక్కలు నేనే ఏరాను. బాగున్నవి మాత్రమే పంపాను. బాగాలేనివి పక్కన పెట్టాను. అలా చేయమని నాకు కంపెనీవాళ్ళు చెప్పలేదు.

మొన్న పని అయ్యాక మా గది బయట సిమెంటు గట్టు మీద నేనే కాల్చి చూశాను. రెండు ముక్కలు తీసుకున్నాను. ఒకటి మధ్యలో తీసింది, ఇంకోటి మిషను మొదలవగానే వచ్చింది. కొవ్వొత్తి పెట్టాను, కింద పాత గుడ్డ వేశాను. మధ్యలోది నల్లబడి పెచ్చు కట్టింది. మొదట్లోది చుక్కలుగా కారింది. ప్రతి చుక్కా మండుతూనే పడింది. గుడ్డ అంటుకుంది. నీళ్ళు పోసి ఆర్పాను. ఆ సరుకు వైరులో ఉంది. ఆ వైరు మా క్వార్టర్స్‌లో ఉంది, ఈ నెలలోనే నర్సుల హాస్టలుకి వెళుతుంది.

దీనితోపాటు సంచిలో నలభై ఆరు ముక్కలు పంపుతున్నాను. ఏదీ ఏరలేదు. ఎప్పుడు తీసిందో ఒక్కోదాని మీద రాశాను.

ఇంకొక మాట. మీ దగ్గర ముక్కలు కాల్చే అమ్మాయి నాకు బంధువు. కానీ అవి నావని ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు. ఆమె తప్పేమీ లేదు.

నమస్కారాలు.


ఆగస్టు 21

వదినా,

నా ఉత్తరం చేరేలోపే నీది మా ఆఫీసుకి వచ్చింది. సోమవారం నేను రాసి ఇచ్చిన కాగితం, బుధవారం వచ్చిన నీ కాగితం పక్కపక్కన పెట్టి అధికారి నన్ను పిలిచారు. ఆమెకి తెలియదు అని ఇందులో ఉంది, నాకు తెలుసు అని ఇందులో ఉంది, ఏది నమ్మమంటావు అని అడిగారు. నాదే నమ్మండి అన్నాను. మరి ఆవిడ ఎందుకిలా రాసింది అన్నారు. వదిన కదండీ అన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అన్నయ్య పోయాక నాకోసం అబద్ధం ఆడేవాళ్ళు ఇంకెవరూ లేరనుకున్నాను.

నీ నలభై ఆరు ముక్కలూ పక్క బల్ల అతను కాల్చాడు. నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు. మధ్యలో తీసినవి అన్నీ నిలిచాయి. మొదటి పావుగంటలోవి పదకొండులో ఏడు కారి దూది అంటించాయి. ఆఖరివి తొమ్మిదిలో నాలుగు. అన్నిటిలోనూ మట్టి ఉంది, కొన్నిటిలోనే విడిపోయి పరుచుకుంది. నివేదిక వెనక్కి తీసుకున్నారు. హాస్టలు పని ఆపించారు. మీ క్వార్టర్స్ వైర్లు పీకమని మీ కంపెనీకి రాశారు, పీకారో లేదో రాయి.

నన్ను తీసెయ్యలేదు. మీ కంపెనీ సరుకు తప్ప మిగతావాళ్ళవి కాల్చవచ్చు. కానీ మీ సరుకు మీద విచారణ పూర్తయ్యేదాకా మనిద్దరం ఒకరికొకరు రాసుకోకూడదు, ఫోను చేసుకోకూడదు, కలుసుకోకూడదు. సెప్టెంబరు ఒకటి నుంచి. వైరుని నెలల తరబడి వేడిలో పెట్టి, మగ్గించి, మళ్ళీ కాల్చి చూడాలట. ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. ఏడాది కావచ్చు, ఎక్కువా కావచ్చు అన్నారు.

అందుకని నేను ఒకటి అనుకున్నాను. ఇద్దరిలో ఒకరు పని మానేస్తే ఈ ఆంక్ష వర్తించదు. అధికారిని అడిగి కనుక్కున్నాను. నేను మానేస్తాను. కాగితం రాసి బల్ల సొరుగులో పెట్టాను, నువ్వు సరే అన్న రోజున ఇచ్చేస్తాను. బయలుదేరి నీ దగ్గరికి వస్తాను. నీ పని ఉన్నా పోయినా ఇద్దరం ఒకచోట ఉంటాం. ఎక్కడైనా ఏదో ఒకటి చూసుకుందాం. సరే అని ఒక్క మాట రాయి. ఒకటో తారీకులోపు చేరాలి.

నీకోసం చూస్తూ,
మరదలు


ఆగస్టు 27

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాక సరే అనే రాశాను. కవరులో పెట్టి, అంటించి, మళ్ళీ చించేశాను. ఇది రెండోది.

వైర్లు పీకారు. ఇప్పుడు గదుల్లో దీపం లేదు, పగటిపూటే పనులన్నీ తెముల్చుకుంటున్నాం. మా అంతస్తువాళ్ళు కొందరు నాతో మాట్లాడడం మానేశారు. నీవల్లే చీకట్లో ఉన్నాం అంటున్నారు. ప్యాకింగ్ ఆవిడ మాట్లాడుతోంది.

యజమాని పిలిపించినప్పుడు, నా పని అయిపోయింది, మూట కట్టుకోవడమే అనుకున్నాను. ఆ గదిలో హాస్టలు తరఫున వచ్చిన ఇంజనీరు కూడా ఉన్నాడు. చేతిలో నేను మీ ఆఫీసుకి రాసిన కాగితం నకలు. యజమాని నా మీద ఎగిరి పడుతుంటే ఆయన ఆగమని చెప్పి, ఏ సరుకు మంచిదో ఏది కాదో చూసి చెప్పగలవా అని నన్ను అడిగాడు. చెప్పగలనన్నాను. బల్ల మీద ఆరు ముక్కలు పెట్టాడు. వెలుతురుకి పెట్టి చూసి రెండు పక్కకి తీశాను. ఆ రెండూ మొదటి పావుగంటవే. మిషను మొదలైనప్పుడల్లా, ఆగినప్పుడల్లా ఈమే నిలబడాలి, ఈమె చాలనేదాకా వచ్చిన సరుకంతా పక్కన పారెయ్యాలి, అలా అయితేనే మీ వైరు తీసుకుంటాం అన్నాడు. యజమానికి ఒప్పుకోక తప్పలేదు. సూపర్‌వైజరు ఇప్పుడు నేను ఎప్పుడు చాలు అంటానా అని గడియారం చూసుకుంటూ సణుగుతుంటాడు.

ఇప్పుడు చెప్పు, నేను మానేస్తే ఆ చోట ఎవరు నిలబడతారు? ఎవరో ఒకరు వస్తారు. వారం రోజులు పారేస్తారు. ఎనిమిదోరోజు ఇంత సరుకు దండగ ఎందుకని కలిపేస్తారు. గట్టు మీద గుడ్డ అంటుకోవడం వాళ్ళు చూడలేదు.

నువ్వు మానేస్తానన్నావు. నువ్వూ మానకు. ఊళ్ళో ఇంకెన్ని కంపెనీలున్నాయి, వాటిలో నాలాగా ఏరి పంపేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఐదు గీతలు ఒకటిగా పడితే ఈసారి నీకు అనుమానం వస్తుంది. నీ పక్క బల్ల అతనికి రాదు. సొరుగులో ఉన్న కాగితం చించెయ్.

నేను నీ దగ్గరికి వచ్చి ఉండాలని ఎంత కోరికగా ఉందో నీకు రాయడం చేతకావడం లేదు. నీకు నేను కావాలని నీ చేతిరాతతో చదివాను. అది చాలు అని రాస్తే అబద్ధం. చాలదు. ఇన్నాళ్ళూ నువ్వు వద్దనుకుంటున్నావని ఊరుకున్నాను. ఇప్పుడు రమ్మంటున్నావని తెలిసి ఇక్కడ ఉండిపోవడం అంతకంటే కష్టంగా ఉంది. అయినా ఉంటాను. రోజూ రెండుసార్లు, కరెంటు పోతే మూడుసార్లు, ఆ మిషను ముందు నిలబడతాను.

వేళకి తిను. తిన్నావా అని ఏడాదిపాటు అడిగేవాళ్ళు ఉండరు కదా అని మానెయ్యకు.

దీనికి జవాబు రాయకు. వస్తే విప్పకుండా వెనక్కి పంపాలని చెప్పారు. అది నావల్ల కాదు.

వదిన